తాడిపత్రి బండల యూనిట్లకు ఏ సోలినాయిడ్ వాల్వ్ మంచిది?

పాలిష్ బండల దుమ్ములో, ఎండలో తిరిగే స్క్రూ కంప్రెసర్‌కు వైటాన్ (వేడిని, నూనెను తట్టుకునే రబ్బరు) సీలున్న సోలినాయిడ్ వాల్వే (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) కొనండి. నైట్రైల్ (మామూలు రబ్బరు రకం) సీలు చవకే, కానీ వేడి నూనె ఆవిరికి త్వరగా గట్టిపడి గాలి వదులుతుంది.

పాత కాయిల్ (వాల్వును కదిలించే తీగచుట్ట) మీద రాసిన వోల్టేజీ చూడకుండా కొట్టుకు వెళ్లొద్దు. 24 డీసీ, 110 ఏసీ, 230 ఏసీ పైకి ఒకేలా కనిపిస్తాయి. కరెంటు లేనప్పుడు తెరిచి ఉండే రకమా, మూసి ఉండే రకమా అన్నదీ కలవాలి.

విప్పేముందు మెయిన్ ఆపి, సెపరేటర్ ట్యాంకు (గాలి నుంచి నూనెను వేరుచేసే ట్యాంకు) ఒత్తిడి సున్నాకు దిగేదాకా ఆగండి. బాణం గుర్తు గాలి పోయే వైపుకే ఉండాలి. టెఫ్లాన్ టేపును మొదటి మర వదిలి చుట్టండి. టేపు తునక లోపలికి జారితే సన్నని రంధ్రం మూసుకుపోయి మిషన్ లోడ్ తీసుకోదు (గాలి నొక్కదు), లేదా నొక్కడం ఆపి అన్‌లోడ్ కాదు.

ఏసీ కాయిల్ కాలితే కాయిల్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ. ప్లంజరు (కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీ) బంకపట్టి ఇరుక్కుంటే కరెంటు తగ్గదు, కొత్తదీ కాలుతుంది. ప్లంజరు, స్ప్రింగు ఉన్న పూర్తి కిట్టే మేలు. ఊడదీసిన ఏసీ కాయిల్‌కు కరెంటు ఇచ్చి పరీక్షించకండి, నిమిషాల్లో మాడిపోతుంది.