హెడ్‌ఫోన్స్ కొనేముందు కప్పు మడిచే కీలు చూడండి, సౌండ్ సంగతి తర్వాత

ఆరేడు వేల రేంజ్‌లో చెవి మొత్తం కప్పేసే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొనాలని చూస్తున్నవాళ్లకి ఈ మాట చెప్పాలి. నా సెట్ వారంటీ ఉండగానే విరిగింది, ఆ వారంటీ ఎందుకూ పనికిరాలేదు. కింద పడలేదు, ఎవరూ దాని మీద కూర్చోలేదు. తలకి పెట్టుకుంటుంటే కుడివైపు టక్‌మని శబ్దం వచ్చింది, కప్పు ఊడి వైరు పట్టుకుని వేలాడింది.

విరిగిన చోటు గుర్తుపెట్టుకోండి. తల మీది పట్టీ చివర సైజు సర్దుకునే స్లైడర్ ఉంటుంది కదా, దాని కిందే కప్పును మడిచే కీలు. రెండు చేతులతో విడదీసి పెట్టుకున్న ప్రతిసారీ బలమంతా పడేది అక్కడే. నా దాంట్లో వెండి రంగులో మెరిసే ఆ భాగమంతా ప్లాస్టిక్కే, పైన పూత పూశారు. పట్టీ లోపల స్టీలు రేకు ఉన్న మాట నిజమే గానీ, అది స్లైడర్ దాకా వచ్చి ఆగిపోయింది. కీలు దగ్గర అగ్గిపుల్ల మందం కూడా లేని ప్లాస్టిక్, అందులోకి నేరుగా బిగించిన బుల్లి స్క్రూ. పగులు ఆ స్క్రూ రంధ్రం దగ్గరే మొదలైంది. కప్పు తిప్పినప్పుడల్లా కొన్నాళ్లుగా కిర్రుమనేది, అదే ముందస్తు సూచన.

సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి దాన్ని చేతిలోకి తీసుకోకుండానే "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీలో రాదు" అనేశాడు. పోనీ డబ్బులిస్తాను, ఆ ముక్క మార్చండి అంటే "స్పేర్ రాదు సార్, కొత్తది తీసుకుంటే డిస్కౌంట్ కూపన్ ఇస్తాం" అన్నాడు. తలకి పెట్టుకోవడం కూడా ఫిజికల్ డ్యామేజే అయితే హెడ్‌ఫోన్స్ ఇంకెక్కడ పెట్టుకోవాలో మరి! జాబ్ షీట్ మీద కస్టమర్ మిస్‌హ్యాండ్లింగ్ అని రాసి సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. మీకూ ఇలాంటిది ఎదురైతే 'మామూలు వాడకంలో విరిగింది' అని రాయించాకే సంతకం పెట్టండి. రేపు ఎక్కడ ఫిర్యాదు చేసినా ముందు అడిగేది ఆ కాగితమే.

ఇక ప్యాడ్లు. కీలు విరగకముందే వాటి పైతోలు నల్లటి పొట్టులా రాలి చెవులకీ చొక్కా కాలరుకీ అంటుకునేది. అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పొర. గాలిలో తేమ తగిలితే చాలు, ఆ పొర లోలోపల విడిపోతుంది. దానికి చెమట, తలనూనె తోడైతే ఇంకా త్వరగా. విజయవాడలో మే నెల ఉక్క తెలిసినవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాడకపోయినా, పెట్టెలోనే ఉన్నా ఈ పొర పాతబడుతుంది. అందుకే భారీ డిస్కౌంట్ సేల్‌లో కొన్నప్పుడు పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. రెండు మూడేళ్ల పాత స్టాక్ అయితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి. నా దాంట్లో ప్యాడ్లను కప్పుకే జిగురుతో అతికించారు కాబట్టి కొత్తవి కొనుక్కునే దారి కూడా లేదు.

షాపులో చూసి కొనేవాళ్లు కీలు మీద వేలు పెట్టి చూడండి. ఏసీ గదిలో లోహం చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అలా తగలదు. కప్పు తిప్పినప్పుడు వైరు బయట కనబడుతూ బిగుసుకుంటుంటే, కీలు విరగకపోయినా ఏదో ఒకరోజు ఒక చెవికి సౌండ్ పోతుంది. ఆన్‌లైన్‌లో అయితే ఐదు నక్షత్రాల రివ్యూలు వదిలేయండి, అవి ఎక్కువగా పార్సిల్ విప్పిన వారంలో రాసేవే. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి, అందరికీ ఒకేచోట విరిగి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. ఆ మోడల్‌కి ప్యాడ్లు విడిగా అమ్ముతున్నారో లేదో కూడా వెతకండి.

హెడ్‌ఫోన్స్ అంటే ఇంతే, ఎక్కువ కాలం రావు అని కొందరంటారు, నేను ఒప్పుకోను. సోనీ ఎండీఆర్-7506 వచ్చింది 1991లో. స్టూడియోల్లో ఇప్పటికీ అదే వాడుతున్నారు. దాని ప్యాడ్లూ పొట్టు రాలతాయి, కానీ పాతవి లాగేసి కొత్తవి తొడుక్కోవచ్చు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోకి ప్యాడ్లు, తల పట్టీ మీది మెత్త విడిగా దొరుకుతాయి. రెండూ వైరువే, బ్లూటూత్ ఉండదు, బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ఉండదు. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకి అవి లేకపోయినా నష్టం లేదు. యూరప్‌లో అయితే 2027 ఫిబ్రవరి 18 నుంచి వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ లాంటి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలని నిబంధన వస్తోంది. మన దగ్గరికి వచ్చే మోడళ్లలోనూ ఆ మార్పు కనబడితే సంతోషమే.

ఇప్పటికే నా దాని లాంటి ప్లాస్టిక్ కీలు రకం వాడుతున్నవాళ్లు రెండువైపులా స్క్రూ చుట్టూ సన్నటి గీత ఏమైనా ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఇవాళే ఫొటో తీసి, బిల్లు జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి. ఫెవిక్విక్ మాత్రం వేయకండి. కదిలే చోట అది నిలవదు, పైగా 'మీరే విప్పారు' అనడానికి వాళ్లకి సాకు దొరుకుతుంది. మెయిల్‌కి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. వస్తువు ధర ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు.

నా ఫిర్యాదు 1915లో నమోదైంది. కంపెనీ నుంచి మొదటి జవాబు వచ్చింది: అదే కూపన్, ఈసారి ఇంకో ఐదు శాతం కలిపి.