మురుగుకాలువ అనుమతి కోసం నీటి పరీక్ష: ఒక ప్రయోగశాల సేవపై సమీక్ష

హైదరాబాద్‌లోని మా క్యాటరింగ్ వంటశాల వ్యర్థజలాన్ని ప్రభుత్వ మురుగుకాలువలోకి వదిలే అనుమతి కోసం నగరంలోని ఒక ప్రైవేటు ప్రయోగశాల చేత పరీక్షలు చేయించాము.

వారి నమూనా సేకరణ మెచ్చదగినది. నూనె ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది కనుక ఆ పరీక్షకు వేరుగా గాజు సీసా తెచ్చారు, మిగిలిన నమూనాలను మంచులో పెట్టి తీసుకెళ్లారు. బీవోడీ (నీటిలోని సేంద్రియ మలినాలను విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులకు అవసరమయ్యే ఆక్సిజన్) పరీక్షకు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజులు పడుతుందని ముందే చెప్పారు. మరునాడే నివేదిక ఇస్తామనేవారిని నమ్మకూడదు.

నివేదికలోనే లోపం ఉంది. పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల ప్రకారం మురుగుకాలువలోకి వదిలే నీటిలో లీటరుకు బీవోడీ 350, నీటిలో కరగకుండా కలిసి ఉండే ఘనపదార్థాలు 600, నూనె, గ్రీజు 20 మిల్లీగ్రాములు మించరాదు, పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. అయితే ఆ కాలువ జీవప్రక్రియతో, అంటే సూక్ష్మజీవులతో మలినాలను తొలగించే ద్వితీయ (రెండో దశ) శుద్ధి కేంద్రానికి చేరితేనే ఈ సడలింపు వర్తిస్తుంది. లేకుంటే చెరువులు, నదులకు నిర్దేశించిన 30 మిల్లీగ్రాముల బీవోడీ పరిమితినే పాటించాలి. ఇంత ముఖ్యమైన షరతును నివేదికలో ఎక్కడా ప్రస్తావించకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే చిన్న వ్యాపారి ఆ అంకెలను చూసే శుద్ధి యంత్రాలపై ఖర్చు నిర్ణయించుకుంటాడు.

పరీక్షల నాణ్యతకు ఈ సంస్థను సిఫారసు చేస్తాను. కాలువ ఎక్కడికి చేరుతుందో మాత్రం జలమండలి కార్యాలయంలో స్వయంగా కనుక్కోండి, నమూనాను గిన్నెలు కడిగే రద్దీ వేళలోనే తీయించండి.