చిత్రగుప్తుడి చిట్టా, దూది మబ్బులు
చచ్చాక మనిషి వెళ్లేది ఒక ఆఫీసుకే అంటాయి ఈ రెండు సినిమాలూ. ‘యముడికి మొగుడు’ (1988)లో ఆ ఆఫీసు లెక్క తప్పుతుంది. ఆయువు తీరకుండానే హీరో కాళిని పట్టుకుపోతారు. వెనక్కి పంపాలంటే వేరే శరీరమే గతి. చిరంజీవి యముణ్ని నిలదీస్తుంటే చావుకీ ఎదురు చెప్పొచ్చనిపిస్తుంది.

జపాన్ దర్శకుడు కొరేడా ‘ఆఫ్టర్ లైఫ్’ (1998)లో పాపపుణ్యాల చిట్టానే లేదు. పాత స్కూలు లాంటి భవనం, వారం గడువు. బతుకంతటిలో ఒక్క జ్ఞాపకం ఎంచుకోవాలి, మిగతావన్నీ మరిచిపోవాలి. ఎంచుకున్నదాన్ని అక్కడి సిబ్బంది సినిమాగా తీసిస్తారు. ఒకాయన విమానంలోంచి చూసిన మబ్బుల్ని దూదితో చేస్తారు. ఉత్త దూది! దాన్ని చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. మా నాన్న ఏ రోజుని ఎంచుకుని ఉంటాడా అని ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.