బైపీసీ అమ్మాయికి కొన్న మైక్రోస్కోప్, మూడు నెలల తర్వాత

ఇంట్లో బైపీసీ పిల్లలుంటే ఇలాంటిది ఒకటి కొనండి, నా మాట వినండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. జూన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించాను, 4,800 రూపాయలు పడింది. 40, 100, 400 రెట్లు పెంచి చూపిస్తుంది. కింద ఎల్‌ఈడీ లైటు ఉంది, కరెంటు పోయినా బ్యాటరీలతో నడుస్తుంది.

మొదటి వారం ఉల్లిపొర, బుగ్గ కణాలతో సరిపోయింది. తర్వాత ఇంటి వెనక బోదెలో కుళ్లిన ఆకులూ కాస్త అడుగు బురదా సీసాలో పట్టుకొచ్చి కదపకుండా ఉంచాం. నాలుగో రోజు "నాన్నా, ఇది నడుస్తోంది!" అని ఒకటే అరుపు. అమీబా! ఒక పక్క మెల్లగా ఉబ్బుతోంది, లోపలి రేణువులన్నీ ఆ ఉబ్బులోకి జారుతున్నాయి, వెనక భాగం ముడుచుకుంటూ వచ్చేస్తోంది. అరగంట సేపు ఇద్దరం వంతులేసుకుని చూశాం.

ఆ నడక వెనకున్నది ఆక్టిన్ అనే ప్రొటీన్. చిన్న చిన్న ముక్కలు అతుక్కుని పోగులవుతాయి, మళ్లీ విడిపోతాయి. కానీ ఎక్కడ పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్న పెత్తనం వేరే ప్రొటీన్లది, నాకు అసలు నచ్చే సంగతి ఇదే. అమీబాలో వెనక భాగాన్ని బిగించి ద్రవాన్ని ముందుకు తోయడంలో మయోసిన్ అనే ప్రొటీన్‌ది పెద్ద పాత్ర. మన తెల్ల రక్తకణం సూక్ష్మజీవి వెంట పడేటప్పుడైతే, ముందు అంచులో రాక్ అనే ప్రొటీన్ స్విచ్చులా ఆన్ అయి వేవ్ అనే ఇంకో ప్రొటీన్‌ని లేపుతుంది, వేవ్ ఆర్ప్‌2/3 అనే ప్రొటీన్ల గుంపుని లేపుతుంది, అది పాత పోగు పక్కన సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేస్తుంది. ఆ కొమ్మల గుబురే కణం పొరని ముందుకు నెడుతుంది. అన్నీ పెరుగుతూ పోతే ముక్కలు చాలవు కదా, అందుకే క్యాపింగ్ ప్రొటీన్ చాలా పోగుల చివరలు మూసేస్తుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలువ నీళ్లు వంతులవారీ పెట్టినప్పుడు కాలువ చూసే లస్కరు పై తూములు మూస్తేనే శివారు చేలకు నీళ్లెక్కుతాయే, అలాగన్నమాట. అలా చెప్పాకే మా అమ్మాయికి పట్టుబడింది. పాతబడ్డ పోగుల్ని కోఫిలిన్ తుంచుతుంది, ఆ ముక్కల్ని ప్రొఫిలిన్ తిరిగి పెరిగే చివరకు అందిస్తుంది.

వీటిలో ఒక్కటి చెడినా చిన్న విషయం కాదు. రక్తకణాల్లో వేవ్‌కి చుట్టం లాంటి వాస్ప్ అనే ప్రొటీన్ ఉంది. దాని జన్యువు పాడైతే విస్కాట్ ఆల్డ్రిచ్ సిండ్రోమ్ వస్తుంది, దాదాపుగా మగపిల్లలకే. రక్తస్రావం, ఎగ్జిమా, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు. ఆ జన్యువు 1994లో దొరికింది.

ఈ పోగులూ ప్రొటీన్లూ ఈ మైక్రోస్కోప్‌లో కనబడతాయా అంటే కనబడవు. ఆక్టిన్ పోగు మందం 7 నానోమీటర్లే, మామూలు కాంతి మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, అంతకంటే చిన్నవి విడిగా చూపించలేదు. దానికి మార్కులు తగ్గించను. తగ్గించేది ఫోకస్ నాబ్‌కి: వదులుగా ఉంది, 400 మీద చెయ్యి తీయగానే బొమ్మ జారిపోతోంది. అమ్మినవాళ్లకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. అందుకే నాలుగు స్టార్లు.

కవర్‌స్లిప్పులు, అంటే చుక్క మీద కప్పే పల్చటి గాజు ముక్కలు, పదే ఇచ్చారు, విడిగా ఒక డబ్బా కొనుక్కోండి. స్లిప్పు కింద రెండు వెంట్రుకలు అడ్డం పెట్టండి, లేకపోతే అమీబా నలిగిపోతుంది.