అట్టపెట్టెలతో సహా కొన్న బండి: స్టేజ్ 2 ఆక్టేవియా ఆర్ఎస్‌తో నాలుగేళ్లు

అమ్మే కుర్రాడికి ముందురోజే ఫోన్ చేసి చెప్పాను, "రేపు నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకు బ్రదర్" అని. పొద్దున ఏడింటికి కొంపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లి బానెట్ మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. మాట నిలబెట్టుకున్నాడు. అంతకుముందు వారం చూసిన బండి నేను వెళ్లేసరికే వేడిగా ఉంది. "ఇప్పుడే కడిగించుకొచ్చాం సార్" అన్నారు. చల్లటి ఇంజన్ మొదటి పది సెకన్లలో చేసే శబ్దం చాలా విషయాలు చెప్పేస్తుంది. అది విననివ్వని చోట బండి కొనకూడదని అప్పుడే అనుకున్నాను.

ఇది 2021 డిసెంబరు మాట. బండి 2018లో రిజిస్టర్ అయిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230. అప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు 77 వేలు దాటింది. అంటే 46 వేల కిలోమీటర్లు నా చేతుల్లో నడిచింది.

ఈ మోడల్ 2017లో మన దేశానికి వచ్చింది. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్, 350 ఎన్ఎం టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కొత్తగా వచ్చినప్పుడు షోరూమ్ ధర 25 లక్షల లోపే. కుటుంబమంతా సామానుతో సహా హాయిగా పట్టే బండి, అదే బండి ఏడు సెకన్లలోపు వంద అందుకుంటుంది. 2020లో 245 హార్స్‌పవర్ మోడల్ 200 బండ్లే వచ్చాయి, ధర 36 లక్షలు. 2025 అక్టోబరులో కొత్త ఆర్ఎస్ 100 బండ్లే వచ్చాయి, దాదాపు 50 లక్షలు. అందుకే ఈ పాత 230ల కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. దొరికేవాటిలో చాలావరకు ఎవరో ఒకరు ట్యూన్ చేయించినవే, అంటే పవర్ పెంచడానికి మార్పులు చేయించినవే.

నేను మొత్తం మూడు బండ్లు చూశాను. మొదటిది బెంగళూరులో. పెద్ద టర్బో వేయించారు, "నాలుగొందల హార్స్‌పవర్ సార్" అన్నారు. కాగితం అడిగితే ఫోన్లో ఒక ఫోటో చూపించారు, అందులో బండి నంబరు లేదు. కర్ణాటక బండిని తెలంగాణకి మార్చాలంటే ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ లెక్క వేసుకునేసరికే సగం ఆశ పోయింది.

రెండోది ఆ వేడి బానెట్ బండి. నాతో వచ్చిన మెకానిక్ వీసీడీఎస్ (బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్) కేబుల్ తగిలించి స్కాన్ చేశాడు. ఒక్క ఫాల్ట్ కోడ్ కూడా లేదు. నాకు సంతోషం వేసింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. కోడ్లు చెరిపేస్తే వాటితోపాటు రెడీనెస్ టెస్టులు, అంటే బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, కూడా సున్నాకి వెళ్లిపోతాయి. బండి కొన్ని రోజులు మామూలుగా తిరిగితేనే అవి మళ్లీ పూర్తవుతాయి. ఆ బండిలో ఒక్కటీ పూర్తి కాలేదు. అంటే మేం వచ్చే ముందు ఎవరో కోడ్లు తుడిచేశారు. సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లే ప్రతివాళ్లూ దయచేసి ఈ ఒక్క పరీక్ష చేయించండి. "కోడ్లు లేవు" అన్న మాటకు దానంతటదే విలువ లేదు.

మూడోది ఈ కొంపల్లి బండి. స్టేజ్ 2. అంటే ఇంజన్ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మార్చడంతోపాటు టర్బో వెనకాల ఉండే డౌన్‌పైప్, గాలి లాక్కునే ఇన్‌టేక్ కూడా మార్చారు. డీఎస్‌జీకి సాఫ్ట్‌వేర్ వేరేగా చేయించారు. బండిని కిందికి దించే స్ప్రింగులు, పెద్ద చక్రాలు. కుర్రాడు ప్రతి బిల్లూ ఒక ఫోల్డర్లో తేదీల వారీగా పెట్టుకున్నాడు. 30 వేల దగ్గరే డీఎస్‌జీ ఆయిల్ మార్పించాడు, కంపెనీ చెప్పేది 60 వేలకి. "పార్టులకే ఆరు లక్షలయిందన్నా" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ ఆరు లక్షలకి నేను ఒక్క రూపాయి కూడా కలపలేదు, మామూలు ఆర్ఎస్ ధరే ఇచ్చాను, 22 లక్షలు. మనం అమ్మేటప్పుడు కూడా వాటికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

బేరం కుదిరాక అతను లోపలి గదిలోంచి నాలుగు అట్టపెట్టెలు తెచ్చాడు. తీసేసిన ఒరిజినల్ పార్టులన్నీ అందులో ఉన్నాయి. స్ప్రింగులు, ఎయిర్ బాక్స్, బోల్టులు చిన్న కవర్లలో వేసి దేనివో మార్కర్‌తో రాసి ఉన్నాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఉన్న అసలు డౌన్‌పైప్‌ని పాత దుప్పట్లో చుట్టి పెట్టాడు. అప్పుడు నేను వాటిని పెద్దగా పట్టించుకోలేదు. డిక్కీలో పడేసుకుని వచ్చాను.

మొదటి ఆరు నెలలు నిజంగా ఆనందంగా గడిచాయి. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి నల్లమలలో పోతుంటే ముందున్న లారీని ఓవర్‌టేక్ చేయాలంటే కాలు కొంచెం నొక్కితే చాలు, వెనక నుంచి ఎవరో చేత్తో తోసినట్టు వెళ్లేది. టర్బో గాలి లాక్కునే శబ్దం అద్దం దించితే వినపడేది. ఆ అనుభవాన్ని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇవాళ్టికీ గుర్తొస్తే ఒళ్లు పులకరిస్తుంది.

ఇబ్బందులు మెల్లగా బయటపడ్డాయి. హైవే మీద వంద దగ్గర, రెండు వేల ఆర్పీఎమ్ చుట్టుపక్కల, ఎగ్జాస్ట్ నుంచి ఒక హోరు వచ్చేది. పది నిమిషాలయితే బాగుంటుంది. అనంతపురం దాకా ఐదు గంటలపాటు వింటే తలనొప్పి. వెనక సీట్లో పాప నిద్రపోయేది కాదు. "ఏవండీ, ఈ సౌండ్ ఆపడానికి బటన్ ఏదైనా ఉందా" అని మా ఆవిడ నిజంగానే అడిగింది.

పెట్రోల్ సంగతి ఇంకోటి. ఇంజన్ కంప్యూటర్లో వేసిన ఆ సాఫ్ట్‌వేర్ ఫైల్ ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ కోసం రాసింది. హైదరాబాద్‌లో ఎక్స్‌పీ100 అనే 100 ఆక్టేన్ పెట్రోల్ కొన్ని బంకుల్లో దొరుకుతుంది, లీటరుకి మామూలు పెట్రోల్ కన్నా యాభై రూపాయల పైనే ఎక్కువ. ఊరు దాటితే కష్టం. ఒకసారి కర్నూలు దగ్గర మామూలు పెట్రోల్ కొట్టించి, తిరిగొచ్చాక లాగ్ (బండి నడిచేటప్పుడు ఇంజన్ కంప్యూటర్ ఇచ్చే రీడింగులు) తీయించాను. మెకానిక్ స్క్రీన్ నా వైపు తిప్పి మూడో సిలిండర్ గీత చూపించాడు. నాకింగ్ (లోపల పెట్రోల్ అదుపు తప్పి మండడం) తట్టుకోలేక కంప్యూటర్ ఆ సిలిండర్లో స్పార్క్ టైమింగ్‌ని ఆరు డిగ్రీలు వెనక్కి లాగుతోంది. బయట ఏ శబ్దమూ లేదు, ఏ లైటూ వెలగలేదు. ఇంజన్ లోపల మాత్రం తనను తాను కాపాడుకునే పనిలో ఉంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంతకుముందు ఓనర్ ఇలా ఎన్నిసార్లు నడిపాడో నాకెలా తెలుస్తుంది?

తర్వాత కూలెంట్. మూడు వారాలకోసారి డబ్బాలో లెవెల్ వేలెడంత తగ్గేది. కింద నేల మీద చుక్క లేదు. టార్చి పట్టుకుని ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందికి చూస్తే గేర్‌బాక్స్ అంచు మీద గులాబీ రంగు ఉప్పులా ఎండిపోయి అంటుకుని ఉంది. వేడికి ఆవిరైపోతోంది కాబట్టి కిందికి కారడం లేదు. ఈ ఇంజన్లలో వాటర్ పంప్, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ లీకవడం మామూలే, ట్యూనింగ్‌తో సంబంధం లేదు. పార్టు, లేబర్ కలిపి 34 వేలయింది. మీరు ఏ ఆర్ఎస్ చూడటానికి వెళ్లినా టార్చి తీసుకెళ్లండి, ఆ గులాబీ మరక కోసం వెతకండి.

కాలనీ స్పీడ్ బ్రేకర్ల దగ్గర స్ప్రింగుల వల్ల పడ్డ టెన్షన్ చెప్పనక్కర్లేదు. ప్రతిదాన్నీ ఏటవాలుగా ఎక్కించాలి, వెనక ఆటో అన్న హారన్ కొడుతూనే ఉంటాడు. రెండు టైర్లకి గుంతల వల్ల పక్కన బుడగలు వచ్చాయి.

అసలు దెబ్బ ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి కూర్చున్నప్పుడు తగిలింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చినప్పుడు, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. జరిమానా అంటే కట్టేస్తాం. కానీ చెప్పకుండా దాచిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే? నా బండి ఎవరికైనా తగిలి, కంపెనీ చేతులెత్తేస్తే? పాప వెనక సీట్లో ఉండగా ఈ ప్రశ్నకి జవాబు లేకుండా నడపడం నాకు తప్పనిపించింది. పైగా క్యాటలిటిక్ కన్వర్టర్ లేని బండి సెల్లార్‌లో స్టార్ట్ చేస్తే ఆ ఘాటు లిఫ్ట్ దాకా వచ్చేది. పక్క ఫ్లాట్ పెద్దాయన రెండుసార్లు దగ్గుతూ వెళ్లడం చూశాను. ఆయన ఒక్క మాట అనలేదు, నాకే సిగ్గేసింది.

అప్పుడు గుర్తొచ్చాయి ఆ నాలుగు అట్టపెట్టెలు. 2023 వేసవిలో స్ప్రింగులు, ఎగ్జాస్ట్ అన్నీ పాతవి పెట్టించాను. దాంతోపాటే ఇంజన్, గేర్‌బాక్స్ రెండింటికీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వెనక్కి వేయించాను. గాస్కెట్లు, నట్లు, రెండు రోజుల లేబర్‌తో మొత్తం 60 వేలలో అయిపోయింది. ఆ పెట్టెలు లేకపోతే ఒక్క డౌన్‌పైప్ కొత్తది కొనడానికే అంతకంటే చాలా ఎక్కువయ్యేది. 22 లక్షల్లో నేను సరైన ధరకు కొన్నది ఏదైనా ఉందంటే ఆ పెట్టెలూ, ఆ బిల్లుల ఫోల్డరూనే.

కాబట్టి నా లెక్క ఇది. బాగా మార్చిన బండి చూస్తున్నారంటే దాని హార్స్‌పవర్ ఎంతని ముందు అడగకండి. ఒరిజినల్ పార్టులు ఎక్కడున్నాయని అడగండి. చూపిస్తే కూర్చుని మాట్లాడండి. "అమ్మేశాం" అంటే ధరలో కనీసం మూడు లక్షలు తగ్గించమనండి, తగ్గించకపోతే టీ తాగి లేచి వచ్చేయండి. టర్బో మార్చిన బండి, ఇంజన్ విప్పిన బండి అయితే ఎంత చవకగా వచ్చినా నేను ముట్టుకోను. సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చిన బండి, లాగ్ చూపించి, కంప్రెషన్ టెస్టుకి (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) ఒప్పుకుంటే ఆలోచిస్తాను, అదీ కొన్న వారంలోనే అసలు ఫైల్ వేయిస్తానని మనసులో అనుకునే.

పెట్రోల్, ఇన్సూరెన్స్ కాకుండా నాలుగేళ్లలో నాలుగు లక్షల అరవై వేలు పెట్టాను. ఎక్కువ భాగం టైర్లకి, బ్రేకులకి, 60 వేల దగ్గర మళ్లీ మార్పించిన డీఎస్‌జీ ఆయిల్‌కి పోయింది. మైలేజ్ సిటీలో 8, హైవేలో 13. ఇప్పుడు బండి కంపెనీ నుంచి వచ్చినప్పటిలాగే 230 హార్స్‌పవర్‌తో ఉంది. నల్లమలలో అదే లారీని దాటడానికి ఇప్పుడు కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతే. పాప అనంతపురం దాకా నిద్రపోతుంది. ఆ స్టేజ్ 2 డౌన్‌పైప్ మా స్టోర్ రూములో ఉంది, అసలుది చుట్టి తెచ్చిన ఆ పాత దుప్పట్లోనే.