జీటీకే, క్యూటీ మధ్య వంతెన ఎక్కడ కడితే మేలు?

లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ మీద బొమ్మలు దిద్దే గింప్ తెరిచినా, గ్నోమ్ డెస్క్‌టాప్ మీద వీడియో ప్లేయర్ వీఎల్‌సీ తెరిచినా పరాయి ఇంట్లో చుట్టంలా కనిపిస్తాయి. బటన్లు, మెనూలు గీసిపెట్టే లైబ్రరీని టూల్‌కిట్ అంటారు. గ్నోమ్, గింప్‌లది జీటీకే; కేడీఈ, వీఎల్‌సీలది క్యూటీ. ఈ రెంటినీ కలపడానికి మూడు రకాల ప్రయత్నాలు జరిగాయి.

మొదటిది రూపం కలపడం. 2009లో క్యూటీ 4.5తో వచ్చిన క్యూజీటీకేస్టైల్, క్యూటీ బటన్లను జీటీకే 2 థీమ్ ఇంజిన్‌తోనే గీయించేది. చూస్తే అచ్చం జీటీకేనే! కానీ అది అవతలివాళ్ల లోపలి పనితీరు మీద ఆధారపడిన పని. జీటీకే 3లో థీమ్‌లు సీఎస్‌ఎస్‌లోకి (వెబ్ పేజీల రూపం చెప్పే భాషలోకి) మారాయి. పైగా జీటీకే 2, 3 ఒకే ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒకే ప్రోగ్రాంలో) లోడైతే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఏదో ప్లగిన్ పాత జీటీకేని లాక్కొస్తే చాలు, అంతే సంగతులు. చివరికి క్యూటీ 5.7లో క్యూజీటీకేస్టైల్‌ని ప్రధాన క్యూటీ నుంచి తీసేశారు. కేడీఈ వాళ్లు బ్రీజ్ థీమ్‌ని జీటీకే కోసం సీఎస్‌ఎస్‌లో విడిగా రాసుకున్నారు. రెండుసార్లు చాకిరీయే, అయినా నాకు అదే నయమనిపిస్తుంది.

రెండోది డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ దారి. 1992 నుంచీ ఉంది. మనం దాని ఒకే ఏపీఐకి (ప్రోగ్రాం పిలిచే ఫంక్షన్ల సెట్‌కి) రాస్తాం, అది లినక్స్‌లో జీటీకేని, విండోస్‌లో అక్కడి కంట్రోల్స్‌నీ వాడుతుంది. కొత్త ప్రోగ్రాంకి బాగానే ఉంటుంది. ఇప్పటికే క్యూటీలో రాసిన లక్ష లైన్లకు మాత్రం ఎందుకూ పనికిరాదు.

మూడోది ప్రాసెస్ బయట కలపడం. నా ఓటు దీనికే. ఫైల్ తెరవాలంటే ప్రోగ్రాం డీ-బస్ (ప్రోగ్రాంలు ఒకదానికొకటి కబురంపుకునే దారి) మీద డెస్క్‌టాప్ పోర్టల్‌ని, అంటే ఇలాంటి పనులు డెస్క్‌టాప్ తరఫున చేసిపెట్టే విడి ప్రోగ్రాంని, అడుగుతుంది. గ్నోమ్‌లో గ్నోమ్ డైలాగ్, కేడీఈలో కేడీఈ డైలాగ్ తెరుచుకుంటుంది. ఒకరి లైబ్రరీ ఇంకొకరి మెమరీలోకి రాదు కాబట్టి అవతల వెర్షన్ మారినా మనకు టెన్షన్ లేదు. డ్రాగ్ అండ్ డ్రాప్ ఇన్నేళ్లుగా రెంటి మధ్యా నడుస్తున్నదీ ఇలాగే, ఎక్స్‌డీఎన్‌డీ అనే ఉమ్మడి ఒప్పందం వల్ల.

లోటు లేకపోలేదు. పోర్టల్ డైలాగ్‌లో ఒకట్రెండు చెక్‌బాక్సులు పెట్టుకోవచ్చు గానీ, మన సొంత ప్రివ్యూ విడ్జెట్ ఇరికించలేం. జవాబు కూడా వెంటనే రాదు, తర్వాత సిగ్నల్‌గా వస్తుంది. డైలాగ్ మూసేదాకా ఆగే పద్ధతిలో రాసిన పాత కోడ్‌ని విప్పి మళ్లీ అల్లాల్సిందే.

రెండు టూల్‌కిట్‌లూ ఒకే ప్రాసెస్‌లో ఉండక తప్పకపోతే, ముందు రెంటి ఈవెంట్ లూప్‌లనీ (క్లిక్‌లు, కీలు వస్తే పట్టుకుని పంపే చక్రాలనీ) ఒకటి చేయండి. లినక్స్‌లో క్యూటీ సాధారణంగా జీటీకే వాడే గ్లిబ్ లైబ్రరీ లూప్ మీదే నడుస్తుంది కాబట్టి ఆ కష్టం సగం తీరినట్టే. బటన్ల రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.