జపాన్ చాక్లెట్ బాక్స్ ఆర్డర్ పెడుతున్నారా? తేదీ ఎటు నుంచి చదవాలో చూసుకోండి

ఇన్‌స్టాలో రీల్స్ చూసి "జపాన్ స్నాక్ బాక్స్" ఆర్డర్ పెట్టబోతున్న వాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, మాంసం ముట్టనివాళ్లు. నాకు అమ్మిన పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా లాభం లేదు, ఇవాళ ఒక పేరుతో ఉన్న పేజీ రేపు ఇంకో పేరుతో తేలుతుంది. సరుకు ఎలా అంటగడుతున్నారో తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టేయొచ్చు.

2025 మే నెల, హైదరాబాద్ ఎండలు మాడ్చేస్తున్న రోజులు. మూడు వేల పైచిలుకు పెట్టి తెప్పించిన బాక్స్ అది. మచ్చా (గ్రీన్ టీ పొడి) కిట్‌క్యాట్, మెల్టీకిస్, బ్లాక్ థండర్ చాక్లెట్లు, సెంబే అనే బియ్యప్పిండి బిస్కెట్లు, కాకి నో తానె, ఉమైబో అనే మొక్కజొన్న పఫ్‌లు, ఇంకా ఒక రమ్ రైజిన్ చాక్లెట్. జాబితా చూస్తే నోరూరుతుంది. మా తమ్ముడు ఒసాకాలో ఉద్యోగం చేస్తాడు. వాడు వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో సగం ఇవే ఉంటాయి కాబట్టి ఏది ఎలా ఉండాలో నా నాలుకకు బాగానే తెలుసు.

ముందు మచ్చా కిట్‌క్యాట్ విప్పాను. తాజాగా ఉంటే లేత ఆకుపచ్చగా ఉంటుంది, రేపర్ చించగానే గ్రీన్ టీ వాసన వస్తుంది, తీపి వెనకాల కాస్త చేదు తగులుతుంది. నాకొచ్చింది ఎండుగడ్డి రంగులో ఉంది. వెలుతురు, వేడి తగిలి పాతబడితే మచ్చా పచ్చదనం పోతుంది, ఇది అదే. పైన తెల్లటి పొర, విరిస్తే టక్కుమనే చప్పుడు లేదు, నోట్లో వేసుకుంటే ఇసుక ఇసుకగా ఉంది. చేదు మాత్రం మిగిలింది, వాసన పూర్తిగా పోయింది.

మెల్టీకిస్ సంగతి ఇంకా ఘోరం. పైన కోకో పొడి చల్లిన చిన్న చిన్న ముక్కలు, నోట్లో పెట్టుకుంటే వెన్నలా జారిపోవాలి. డబ్బాలోవన్నీ రేపర్లతో సహా ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. అసలు మేలో మెల్టీకిస్ అమ్ముతున్నారంటేనే అనుమానం రావాలి. అది మెయిజీ కంపెనీ చలికాలానికి మాత్రమే చేసే సరుకు. ఎండలు ముదిరే సరికి జపాన్ దుకాణాల్లోనే కనబడదు.

కాకి నో తానె అంటే అర్ధచంద్రాకారపు చిన్న కారం బియ్యప్పలుకులు, వేరుశనగ గుళ్లతో కలిపి ఇస్తారు. మన మిక్చర్ తిన్నంత సరదాగా తినొచ్చు. ఈ ప్యాకెట్‌లో పలుకులు మెత్తబడ్డాయి, పల్లీలు మక్కువాసన కొట్టాయి. చాక్లెట్ మీద తెల్లపొర చూసి నేను భయపడను. అది బూజు కాదు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దారిలో కరిగి మళ్లీ గడ్డకడితే కొవ్వు పైకి తేలి అలా తెల్లగా కనబడుతుంది. తింటే ఏమీ కాదు, రుచి మాత్రం చస్తుంది. పల్లీలు, నూనె సరుకులు ముక్కిపోతే మాత్రం ఆలోచించక్కర్లేదు, చెత్తబుట్టే.

ఇక తేదీల సంగతి. ఈ పోస్టు రాస్తున్నదే దీని కోసం.

సెంబే ప్యాకెట్ వెనక 24.11.25 అని ఉంది. మన అలవాటులో చదివితే 2025 నవంబర్ 24. అబ్బో, ఇంకా ఆరు నెలలుంది అనుకుంటాం. ఆ పేజీవాళ్లు ఆర్డర్‌కి ముందు పంపిన ఫొటోలో ఆ అంకెల చుట్టూ ఎర్ర గీత గీసి, పక్కన "లాంగ్ ఎక్స్‌పైరీ" అని రాశారు కూడా. కానీ జపాన్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. సంవత్సరంలో చివరి రెండంకెలే వేసినా అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. అంటే ఆ ప్యాకెట్ గడువు 2024 నవంబర్ 25. మా ఇంటికి వచ్చేసరికే గడువు దాటి ఆరు నెలలు కావస్తోంది. వెనక నుంచి చదివితే కొత్త సరుకు, ముందు నుంచి చదివితే పాత సరుకు. మొదటి అంకె, చివరి అంకె రెండూ సంవత్సరంలా కనిపిస్తే తప్పకుండా అనుమానించండి.

ఇది తెలియక జరిగిన పొరపాటు అనుకుందామంటే, కిట్‌క్యాట్ సంచి ఇంకో కథ చెప్పింది. నెస్లే జపాన్ 2019లో ఈ పెద్ద సంచులను ప్లాస్టిక్ నుంచి కాగితానికి మార్చడం మొదలుపెట్టింది. నాకొచ్చిన సంచి వెనక ఆ పేజీవాళ్ల లోగో స్టిక్కర్ ఒకటి, సరిగ్గా తేదీ ఉండే చోట అతికించి ఉంది. గోటితో లాగితే కాగితం పొర లేచి అంకెలు కూడా ఊడివస్తాయి. అందుకని హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి కొట్టి, ఒక మూల నుంచి మెల్లగా తీశాను. జిగురు కింద 2024.12 బయటపడింది. రోజు లేదేమిటని కంగారు పడకండి. మూడు నెలలకు మించి నిలవుండే సరుకుకు నెల, సంవత్సరం వేస్తే చాలని వాళ్ల నిబంధన. మిగతా డబ్బాలన్నిటి మీదా లోగో స్టిక్కర్ ముందు వైపు ఉంది, గడువు దాటిన దీని మీద మాత్రం వెనక తేదీ మీద ఉంది. ఇక పొరపాటు అని ఎలా అనుకోమంటారు?

మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: "సిస్, జపాన్‌లో అది ఎక్స్‌పైరీ కాదు, బెస్ట్ బిఫోర్. పాడవదు, ధైర్యంగా తినండి." ఇందులో సగం నిజముంది, అదే చిక్కు. అక్కడ రెండు రకాల గడువులున్నాయి. చాక్లెట్లు, బిస్కెట్ల లాంటివాటికి వేసేది షోమి కిగెన్. ఆ తేదీ వరకూ రుచి బాగుంటుందని హామీ, దాటిన మర్నాడే విషమైపోదు. శాండ్‌విచ్‌లు, రెడీమేడ్ భోజనం లాంటి త్వరగా పాడయ్యేవాటికి వేసేది షోహి కిగెన్, అది దాటితే తినకూడదు. అంతవరకూ ఆ పేజీవాళ్లు చెప్పింది సరే. మరి అంత ధైర్యమున్న సరుకైతే తేదీ మీద స్టిక్కర్ ఎందుకండీ అని అడిగాను. "ప్యాకింగ్ టీమ్ మిస్టేక్ సిస్." రీఫండ్ అడిగాను. బ్లాక్ చేసేశారు.

జపాన్‌లో తేదీ మార్చడాన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారో తెలిస్తే వీళ్ల కాకమ్మ కబుర్లకు ఇంకా ఒళ్లు మండుతుంది. సప్పొరోలోని ఇషియా కంపెనీ చేసే షిరోయి కొయిబితో బిస్కెట్లు హొక్కైదో వెళ్లినవాళ్లందరూ తెచ్చుకునేవి. 2007 ఆగస్టులో ఆ కంపెనీ కొన్ని పెట్టెల గడువును ఒక నెల పొడిగించిందని బయటపడింది. అధ్యక్షుడు రాజీనామా చేశారు, నవంబర్ దాకా అమ్మకాలు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ఇసేలోని అకాఫుకు వంతు వచ్చింది. 1707 నుంచీ ఉన్న పాత మిఠాయి దుకాణం. మిగిలిపోయిన సరుకును మళ్లీ చుట్టి కొత్త తేదీలు వేస్తున్నారని తేలింది. అంత పేరున్న దుకాణమూ కొన్ని నెలలు మూతపడింది. నెల రోజుల పొడిగింపుకే అక్కడ అంత రభస జరిగితే, ఇక్కడ గడువు దాటి నెలలు గడిచిన సరుకును స్టిక్కర్ కింద దాచి "ధైర్యంగా తినండి" అంటున్నారు.

తేదీ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది వెజ్ వ్యవహారం. పేజీలో "100 పర్సెంట్ వెజ్ బాక్స్" అని రాసి ఉంది. వచ్చిన ఉమైబోలో ఒకటి మెంటైకో రుచి. మెంటైకో అంటే ఉప్పూ కారం పట్టించిన చేప గుడ్లు! ఆ మాట తెలియని మా పక్కింటి పిన్నిగారికి, శనివారం ఉపవాసం ఉండే మనిషికి, "మొక్కజొన్న పఫ్ అండీ" అని ఇస్తే తినేస్తారు. జపాన్‌లో శాకాహారం, మాంసాహారం అని ప్యాకెట్ల మీద ఆకుపచ్చ, గోధుమ రంగు గుర్తులు వేసే పద్ధతి లేదు. చూడ్డానికి అమాయకంగా ఉండే సోయా సెంబేలో ఎండుచేప సారం ఉండొచ్చు. కాన్సొమ్మే (మాంసపు సూప్) రుచి చిప్స్‌లో గొడ్డు మాంసం, పంది మాంసం, కోడి సారాల పొడులు పడతాయి. నమిలే హైచ్యూ లాంటి క్యాండీల్లో, గమ్మీల్లో, మార్ష్‌మెల్లోల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.

ఫోన్ కెమెరాతో లేబుల్ అనువదిస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. కింద ఉండే అలర్జీ వరుసలో గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, రొయ్య, పీత లాంటివి చట్టప్రకారం తప్పనిసరిగా రాయాలి. గొడ్డు మాంసం, పంది మాంసం, కోడి, జెలటిన్ రాయమని సలహా మాత్రమే ఇచ్చారు. కాబట్టి ఆ వరుసలో పంది మాంసం కనబడలేదంటే లేదని అర్థం కాదు. పైనున్న పదార్థాల జాబితా మొత్తం చదవాలి. దానిలోనూ "ఎమల్సిఫయర్" (నూనె, నీరు కలిసి ఉండేలా చేసేది), "షార్టెనింగ్" (గట్టి కొవ్వు) అని ఉంటే అవి మొక్కలవా జంతువులవా అన్నది తేలదు. నికార్సుగా శాకాహారం పాటించేవాళ్లు ఇలాంటి మిస్టరీ బాక్సుల జోలికి పోకపోవడమే మంచిది. ఏమొస్తుందో తెలియకపోవడమే కదా అందులో మిస్టరీ.

రమ్ రైజిన్ చాక్లెట్ గురించి కూడా చెప్పాలి. లొట్టే కంపెనీ రమ్మీ, బాకస్ అని రెండు చాక్లెట్లు 1964 నుంచీ అమ్ముతోంది, ఇవీ చలికాలపు సరుకే. ఒకదాంట్లో రమ్‌లో నానబెట్టిన ఎండుద్రాక్ష, ఇంకోదాంట్లో కోన్యాక్. పేరుకు వాసన కోసం వేసిందేమీ కాదు, నిజంగా ఆల్కహాల్ ఉంటుంది. పిల్లలు, గర్భిణులు, బండి నడపబోయేవాళ్లు తినొద్దని డబ్బా మీద జపనీస్‌లో హెచ్చరిక కూడా ఉంటుంది. నాకు వచ్చిన బాక్స్ పేరు "కిడ్స్ ప్రీమియం". కొరికితే గొంతులో వెచ్చగా దిగింది. పెద్దవాళ్లకు బ్రహ్మాండంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే మొత్తం బాక్స్‌లో బాగున్నది అదొక్కటే. కానీ పిల్లల బాక్స్‌లో దానికేం పని?

ఒక న్యాయమైన మాట కూడా చెప్తాను. బ్లాక్ థండర్ పర్వాలేదు. కాస్త కరిగి గడ్డకట్టినా లోపల కోకో బిస్కెట్ ముక్కలు కరకరలాడుతూనే ఉన్నాయి. అయితే ధర చూస్తే నవ్వొస్తుంది. ఒక్కో ఉమైబోకి వీళ్లు వేసిన లెక్క తొంభై రూపాయలు. జపాన్‌లో 1979లో వచ్చిన ఆ పఫ్ చాలా ఏళ్లు 10 యెన్లే, 2022లో 12 చేశారు, 2024 అక్టోబర్ నుంచి 15. మన డబ్బుల్లో పది రూపాయలు కూడా కాదు. రవాణా ఖర్చు, లాభం వేసుకోనివ్వండి, దానికి నాకేం అభ్యంతరం లేదు. తొంభై తీసుకున్నప్పుడు తాజా సరుకివ్వాలి కదా.

చట్టం ప్రకారం దిగుమతైన తినుబండారానికి మన దేశంలో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో లేబుల్ ఉండాలి. దిగుమతిదారు పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్, వెజ్ లేదా నాన్‌వెజ్ గుర్తు ఆ లేబుల్ మీద ఉంటాయి. సరుకు ఓడరేవులోనో విమానాశ్రయంలోనో దిగేసరికి మొత్తం గడువులో 60 శాతమో, లేదా మూడు నెలలో, రెండింటిలో ఏది తక్కువైతే అంత గడువు మిగిలి ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు 2024 నవంబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంకో మాట చెప్పింది: ఇంటికి చేరేసరికి గడువులో 30 శాతం, లేదా 45 రోజులు మిగిలి ఉండేలా చూడమని. నా బాక్స్‌లో ఒక్కదాని మీద కూడా దిగుమతి లేబుల్ లేదు. ఎవరో సూట్‌కేసులో తెచ్చి, అక్కడ క్లియరెన్స్‌లో తక్కువకు దొరికినవి కూడా కలిపి అమ్ముతున్నారని నా అనుమానం. సొంతానికి తెచ్చుకోవడం వేరు, వ్యాపారం చేయడం వేరు.

కాబట్టి డబ్బు పంపే ముందు ప్రతి ప్యాకెట్ వెనక వైపు ఫొటో, స్టిక్కర్ లేకుండా, అడగండి. "స్టాక్ ఫొటో ఉంది సిస్" అంటే వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో చాక్లెట్ అసలు తెప్పించొద్దు. చాలా జపాన్ చాక్లెట్ల మీద 28 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది, మన కొరియర్ వ్యాన్‌లో మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు. మీగడ కలిపి చేసే రాయ్స్ కంపెనీ నామా చాక్లెట్ లాంటిదైతే 10 డిగ్రీల లోపే ఉండాలి. దాన్ని మామూలు పార్శిల్‌లో పంపిస్తామన్నవాడిని ఏ సీజన్‌లోనూ నమ్మకండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, అందులో తేదీలు కనబడాలి. యూపీఐలో వ్యక్తి పేరు మీద కాకుండా బిల్లు ఇచ్చే దుకాణానికే కట్టండి.

మోసపోతే ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తిండికి సంబంధించిందైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ 1800 112 100. నేను రెండుచోట్లా చెప్పాను. ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు, చెల్లింపు రసీదు అడిగారు. బ్లాక్ చేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, తర్వాత చాట్ దొరక్కపోవచ్చు. డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. మీ ఇంట్లో "కిడ్స్ ప్రీమియం" అని రాసున్న గులాబీ రంగు అట్టపెట్టె ఉంటే, స్టిక్కర్ కింద ఏముందో చూసి ఫొటో తీసి నాకు పంపండి. ఫిర్యాదుకు జత చేస్తాను.